మూడు విజిల్స్ పద్యం

నటుడు మాట మరిచిపోబోతున్నాడని నటుడి కంటే ముందు వెంకటరావమ్మకు తెలిసిపోయేది. ఇరవై రెండేళ్ళు తెర పక్కన నిలబడి, చేతిలో పుస్తకం పట్టుకుని, పామర్రు నాటక సమాజానికి మాటలు అందించిన మనిషి ఆవిడ. చదివింది ఎనిమిదో తరగతి. భర్త హార్మోనియం వాయించేవాడు. ఆయన వేళ్ళు మెట్ల మీద తిరుగుతుంటే, ఈవిడ వేలు పుస్తకంలో అక్షరాల కింద నడిచేది.

స్టేజీ మీద రెప్పపాటు నిశ్శబ్దం వస్తే చాలు, ఆవిడ గుండె జారి అరికాళ్ళలోకి వచ్చేది. ఆ నిశ్శబ్దం నటనలో భాగమేమోనని ఆగే ఓపిక ఉండేది కాదు. గబుక్కున తర్వాతి మాట అందించేసేది. "ఏడవటానికి ఊపిరి తీసుకుంటున్నానే తల్లీ! నన్ను ఏడవనివ్వవా?" అని సంపూర్ణమ్మ ఎన్నిసార్లు చివాట్లు పెట్టిందో లెక్కలేదు. జక్కయ్య అయితే హాస్యం వేషంలోనే తెర వైపు తిరిగి, "ప్రాంప్టరు గారూ, జనం నవ్వుతున్నారు, కాస్త నవ్వనియ్యండి," అనేవాడు. దానికీ జనం నవ్వేవారు.

అంకమ్మరావుకు మాత్రం ఒక్క మాట కూడా ఏనాడూ అందించలేదు. రాజు వేషంలో అతను పద్యం ఎత్తుకున్నాడంటే ఆవిడ పుస్తకం మూసి గుండెలకు హత్తుకునేది. నాలుగో పాదం చివర రాగం తీసి, ఎక్కడో ఆకాశంలో వదిలేసి, మళ్ళీ అంత ఎత్తునుంచీ దాన్ని పట్టుకుని దించేవాడు. వెనక వరసలో పడుకున్న పిల్లలు కూడా లేచి కూర్చునేవారు. లోకంలో వెంకటరావమ్మకు భయం వేయని చోటంటూ ఉంటే అదొక్కటే.

మిగిలిన లోకమంతా భయమే. బస్సు పావుగంట ఆలస్యమైతే కాలవలో పడిందేమోనని భయం. ఫోను మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం. సమాజం మూతపడింది, భర్త పోయాడు, ఆవిడ బెజవాడ సింగ్ నగర్ లో చిన్న ఇంట్లో ఉంటోంది. బుడమేరు వాగు పొంగిన ఏడాది ఆ ఇల్లు రోజుల తరబడి నీళ్ళలో నానింది. హార్మోనియం పోయింది. దానితో పాటు, అట్టపెట్టెలో భర్త దాచిన నాటకాల క్యాసెట్లన్నీ బురదై పోయాయి. అంకమ్మరావు పద్యాలన్నీ అందులోనే ఉండేవి. ఎప్పుడూ ఏదో ఒక ఘోరం జరుగుతుందని ఎదురుచూసే మనిషికి కూడా క్యాసెట్లు పోతాయని తట్టలేదు. వాటిని అటక మీద పెట్టమని ఎవరికీ చెప్పనూ లేదు.

ఒక్కడే కొడుకు దుర్గాశంకర్. హైదరాబాదులో సినిమాలకు కో-డైరెక్టరు. పదకొండేళ్ళ నుంచీ అదే పని. ఒకరోజు పొద్దున్నే ఫోను చేసి, "అమ్మా, మా సినిమా మన పామర్రులోనే. నలుగురు ముసలి స్నేహితుల కథ, ఫుల్ కామెడీ. డైరెక్టరు గారికి అసలు సిసలు నాటకాల వాళ్ళు కావాలంట. మీ బ్యాచ్ ని అడగవే," అన్నాడు.

సినిమా పేరు 'పళ్ళసెట్ బ్యాచ్'.

"పేరేంట్రా అట్టా ఉంది?" అంది వెంకటరావమ్మ.

"జనానికి ఎక్కుద్దమ్మా."

జక్కయ్య గుణదలలో ఉంటాడు, సంపూర్ణమ్మ కూతురి దగ్గర గన్నవరంలో. అంకమ్మరావు పామర్రు వదలనే లేదు. ముగ్గురూ ఎగిరి గంతేశారు. నలుగురు స్నేహితుల్లో నాలుగోవాడు, అంటే అసలు హీరో, నలభై ఐదేళ్ళ సినిమా హీరో. అతనికి తెల్ల విగ్గు పెట్టారు, బుగ్గల మీద ముడతలు అంటించారు. ముడతలు ఊడిపోతాయని అతను ఎండలోకి వచ్చేవాడు కాదు. అసలు ముడతలున్న ముగ్గురూ ఎండలోనే నిలబడి ఉండేవాళ్ళు.

"మనకి దేవుడు ఉచితంగా అంటించాడు బావా, అందుకే విలువ లేదు," అన్నాడు జక్కయ్య.

పరిషత్తు పోటీల్లో ఉత్తమ నటిగా ఎనిమిదిసార్లు నిలిచిన సంపూర్ణమ్మ చేత సాంబారు గిన్నెలో పళ్ళసెట్టు పడేయించారు. ఒక్క కనుబొమ్మతో వెయ్యిమందిని నవ్వించిన జక్కయ్యను తొమ్మిదిసార్లు కాలవ బురదలో పడమన్నారు. "పడటం కూడా నటనేలే," అని తొమ్మిదిసార్లూ పడ్డాడు. తొమ్మిదిసార్లూ వేరువేరుగా పడ్డాడు. సినిమాలో ఒకటే ఉంచారు, అదీ దూరం నుంచి.

అంకమ్మరావు మాత్రం అదృష్టవంతుడు అనుకున్నారు అందరూ. అతను పద్యం పాడతాడని విని, డైరెక్టరు ముచ్చటపడి, కాలవ గట్టు మీద కుర్చీ వేయించి, మొత్తం పద్యం పాడించి కెమెరాలో పట్టాడు. మూడు నిమిషాలు. మామూలుగా కెమెరా పక్కన నిలబడి దుర్గాశంకర్ ప్రతి డైలాగూ అందించేవాడు. తల్లి చేసిన పనే కొడుకూ చేస్తున్నాడు. ఆ మూడు నిమిషాలు మాత్రం తల్లి లాగే కాగితాలు మూసి నిలబడ్డాడు. అయిపోయాక లైట్లు మోసేవాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు.

ఆ సాయంత్రమే అంకమ్మరావు వెంకటరావమ్మను పక్కకు పిలిచాడు.

"చెల్లెమ్మా, ఒక సంగతి. నాగవేణికి తప్ప ఎవరికీ తెలీదు. గొంతులో గడ్డ. మంచిది కాదంట. గొంతుపెట్టె మొత్తం తీసేస్తారంట."

"తీసేస్తే?"

"తీసేస్తే ఏముంది. బతుకుతాను. మాట ఉండదు."

వెంకటరావమ్మ కొడుకున్న వైపు చూసింది.

"యూనిట్ వాళ్ళకి చెప్పమాక," అన్నాడతను. "రోగిష్టోడని నా సీన్లు తీసేస్తారు. నాకీ పద్యం ఒక్కటి సినిమాలో పడితే చాలు. క్యాసెట్లు ఎట్టాగూ బుడమేరు మింగింది. షూటింగులో పాడింది పనికిరాదంటగా, అదేదో పైలట్ అంటారంట, ఉత్త గుర్తు కోసం. స్టూడియోలో మళ్ళీ పాడాలంట. ఆ డబ్బింగు ఒక్కటి అయిపోతే ఆపరేషన్ కి పడుకుంటా."

ఆవిడ కొడుక్కి కూడా చెప్పలేదు. చెబితే వాడు డైరెక్టరుకు చెప్పాలి, చెప్పకపోతే దాచాడంటారు, రేపు షూటింగులో ఈయనకేదైనా అయితే వాడి మెడకే చుట్టుకుంటుంది. నోరు మూసుకుంటే అందరూ క్షేమం. అలా అనుకుంది.

షూటింగు అయిపోయింది. నెల గడిచింది. డబ్బింగు పిలుపు రాలేదు. అంకమ్మరావు ఆపరేషన్ తేదీ ఒకసారి వాయిదా వేశాడు, రెండోసారీ వేశాడు. ఉమ్మిలో నెత్తుటి జీర కనిపించడం మొదలైంది. నాగవేణి ఫోనులో ఏడ్చింది. "వదినా, నీ కొడుకునడుగు. ఈయన పద్యం పద్యం అంటా ప్రాణం మీదకి తెచ్చుకుంటున్నాడు. డాక్టరు నన్ను తిడుతున్నాడు."

వెంకటరావమ్మ కొడుక్కి ఫోను చేసింది. "పెద్దాయనకి గొంతుకు ఏదో చిన్న ఆపరేషన్ అంటరా. డబ్బింగు ఎప్పుడో చెబితే ముందే వచ్చి చెప్పిపోతారు."

అవతల కొడుకు గొంతు తగ్గించాడు.

"డబ్బింగు అయిపోయిందమ్మా."

"ఎవర్రా చెప్పింది?"

"ముగ్గురికీ మిమిక్రీ వాళ్ళే చెప్పేశారు. ఎడిటింగులో డైరెక్టరు గారు పద్యం తీసేశారు. ఎనిమిది సెకన్లే ఉంచారు. కామెడీ సినిమాలో మూడు నిమిషాల పద్యం ఎవరు వింటారన్నారు. అమ్మా, నువ్వు ఇప్పుడే ఆయనకి చెప్పమాకు. అలిగి ఎక్కడన్నా ఏదన్నా అంటే తెచ్చింది నువ్వేగా అని నన్ను పట్టుకుంటారు. తర్వాతి సినిమా నాకిప్పిస్తానని డైరెక్టరు గారు మాటిచ్చారు. ఈ రిలీజు అయ్యేదాకా ఓపిక పట్టు."

'గొంతు పోతుందిరా' అనే మాట ఆవిడ నాలుక మీద దాకా వచ్చింది. పదకొండేళ్ళు కొడుకు ఎవరెవరి వెనకో కుర్చీలు మోస్తూ తిరిగాడు. ఇప్పుడు ఆ మాట అంటే వాడు పోయి గొడవపడతాడు. గొడవపడితే ఆ మాటిచ్చినాయన మాట వెనక్కి తీసుకుంటాడు. మిగిలిన బతుకంతా వాడు ఇంకొకరి సినిమాకు డైలాగులు అందిస్తూనే ముసలివాడైపోతాడు. ఇదంతా ఆవిడకు కళ్ళ ముందు జరిగిపోయినట్టే కనబడింది.

"సరేలేరా. అన్నం తిన్నావా?" అంది.

మర్నాడు పామర్రు బస్సెక్కింది. నిజం చెబుదామనే వెళ్ళింది. అంకమ్మరావు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. బక్కచిక్కిపోయాడు. ఆవిడ చెప్పులు విడవకముందే, "ఎప్పుడంట డబ్బింగు?" అన్నాడు. బొంగురుగానే ఉంది, కానీ గొంతు ఇంకా గొంతే.

ఆవిడ ఆగింది. అతను చూస్తున్నాడు. గుమ్మంలో నాగవేణి చూస్తోంది. ఆ నిశ్శబ్దం ఒక్క క్షణమే కానీ వెంకటరావమ్మకు ఊపిరాడలేదు.

"డబ్బింగు అక్కర్లేదంట అన్నయ్యా! కాలవ గట్టు మీద మీరు పాడింది పాడినట్టే ఉంచేశారంట. మళ్ళీ పాడిస్తే చెడిపోద్దని సౌండు ఆయన అన్నాడంట."

అంకమ్మరావు ముఖం విప్పారింది. "వింటున్నావా నాగవేణీ? మళ్ళీ పాడితే చెడిపోద్దంట! ఆ సౌండు ఆయన ఎవడో గానీ రసికుడే." కళ్ళు తుడుచుకుని, "డాక్టరుకు ఫోను కొట్టు. ఈ సోమవారమే," అన్నాడు.

నాగవేణి ఆవిడ చేతులు పట్టుకుంది. తిరుగు బస్సులో వెంకటరావమ్మకు భయం వేయలేదు. ఒక మనిషి ప్రాణం నిలబెట్టాననుకుంది. జన్మలో అబద్ధమాడని మనిషేం కాదు గానీ, ఇంత పుణ్యమున్న అబద్ధం ఆడటం ఇదే మొదటిసారి అనుకుంది.

ఆదివారం ఆసుపత్రి గదిలో అందరూ చేరారు. అంకమ్మరావు మనవరాలు ధనశ్రీ ఇంటర్ చదువుతోంది. తాత చేతిలో చెయ్యి వేసి, "తాతయ్యా, ఒక్కసారి పాడవా? ఫోనులో పెట్టుకుంటాను," అంది. ముఖానికి రంగు లేకుండా పద్యం పాడని మనిషి అతను. పెళ్ళిళ్ళలో అడిగినా పాడడు. ఆ రోజు మాత్రం లేచి కూర్చున్నాడు. "కాస్త పౌడరన్నా రాయండే," అన్నాడు. నాగవేణి సంచిలో పౌడరు డబ్బా వెతికింది. ధనశ్రీ ఫోను పైకెత్తి పట్టుకుంది.

"వద్దమ్మా వద్దు!" వెంకటరావమ్మ అడ్డం పడింది. "పొద్దున ఆపరేషన్. ఉమ్మిలో నెత్తురు పడుతుంటే ఇప్పుడు రాగం తీస్తే ఏ నరమన్నా తెగితే? ఇంత ఓపిక పట్టినోళ్ళు ఇప్పుడు ఆగలేరా? సినిమాలో ఉంది కదే, ఎంచక్కా హాల్లో విందువు గానీ."

"ఆమె చెప్పిందీ నిజమేలే," అన్నాడు అంకమ్మరావు. పౌడరు డబ్బా మూతపెట్టి తలగడ పక్కన పెట్టాడు. ధనశ్రీ ఫోను దించేసింది.

ఆపరేషన్ బాగా జరిగింది. ప్రాణానికి ఢోకా లేదన్నారు. మెడ కింద చిన్న రంధ్రం, దాని మీద తెల్లటి గుడ్డ. మాటకు బదులు జేబులో చిన్న నోటుబుక్కు. వెంకటరావమ్మ చూడటానికి వెళ్ళినప్పుడల్లా అందులో ఒకటే రాసేవాడు. 'సినిమా ఎప్పుడు?'

రెండున్నర నెలలకు వచ్చింది. పామర్రు నుంచి రెండు కార్లు, ఒక ఆటో వేసుకుని బెజవాడ గాంధీనగర్ లోని థియేటరుకు వచ్చారు. అంకమ్మరావు ఇస్త్రీ చేసిన పంచె కట్టుకుని, మెడ చుట్టూ కండువా వేసుకున్నాడు. జక్కయ్య గుణదల నుంచి వచ్చాడు. సంపూర్ణమ్మ రాలేదు. "పళ్ళసెట్టు సాంబారులో పడటం నేను ఇంట్లోనే చూసుకుంటాలే," అందట. వెంకటరావమ్మకు ఆ రోజు జ్వరం వస్తే బాగుండుననిపించింది. రాలేదు. అంకమ్మరావు తన పక్క సీటే ఆమెకు అట్టేపెట్టాడు.

సినిమా నవ్వులతోనే మొదలైంది. తెల్ల విగ్గు హీరో గోడ దూకాడు, పాట పాడాడు, నర్సును ప్రేమించాడు. ముగ్గురు ముసలి స్నేహితులూ వెనకాల తలలూపుతూ కనిపించారు. జక్కయ్య నోరు తెరిస్తే ఇంకెవరి గొంతో వచ్చింది. "ఓరి దేవుడా, నేనేనా అది?" అన్నాడు జక్కయ్య చీకట్లో. అప్పుడే అంకమ్మరావు కుర్చీలో ముందుకు జరిగాడు.

కాలవ గట్టు వచ్చింది. కుర్చీ వచ్చింది. తెర మీద అంకమ్మరావు కళ్ళు మూసుకుని చెయ్యి పైకెత్తి నోరు తెరిచాడు. సన్నగా, మేక అరిచినట్టు వణుకుతూ ఏదో గొంతు మొదటి మాట అందుకుంది. దాని మీద కుక్కరు విజిల్ పడింది. మళ్ళీ నోరు తెరిచాడు. రెండో విజిల్. చెయ్యి ఇంకా పైకెత్తాడు. మూడో విజిల్. తెల్ల విగ్గు హీరో పక్కకు తిరిగి, "పప్పు ఉడికింది, స్టవ్ కట్టెయ్యండ్రోయ్!" అన్నాడు.

హాలు పగలబడి నవ్వింది. పామర్రు వాళ్ళు కూడా నవ్వారు. ముందు వాళ్ళే నవ్వారు. తర్వాత ఒకరి తర్వాత ఒకరు ఆపి, అంకమ్మరావు ఉన్న వైపు తిరిగారు. "ఇది తాతయ్య గొంతు కాదుగా?" అని ధనశ్రీ నాగవేణిని అడగడం వినబడింది.

తెర మీద కథ ఎక్కడికో పోయింది. హీరో, నర్సు స్కూటరు మీద ప్రకాశం బ్యారేజీ దాటుతున్నారు. ఆ వెలుతురులో వెంకటరావమ్మ పక్కకు చూసింది. అంకమ్మరావు కళ్ళు మూసుకుని ఉన్నాడు, పెదాలు కదులుతున్నాయి. ఒక్కో అక్షరం ఆవిడకు తెలుసు. రెండో పాదంలో ఉన్నాడు. మూడో పాదం ఎత్తుకున్నాడు. నాలుగో పాదం చివర నోరు తెరిచి అలాగే ఉంచాడు, రాగం ఎంతసేపు పట్టాలో అంతసేపూ. గుడ్డ కింద రంధ్రం లోంచి గాలి చప్పుడు తప్ప ఏమీ రాలేదు. ముందు సీటువాడు తిరిగి చూసి, "పెద్దాయన నిద్రపోయాడు," అని పక్కవాడికి చెప్పి నవ్వాడు.

విశ్రాంతిలో లైట్లు వెలిగాయి. అంకమ్మరావు నోటుబుక్కు తీసి రాసి ఆవిడ ఒళ్ళో పెట్టాడు.

'నీకు ముందే తెలుసా?'

వెంకటరావమ్మ తలూపింది. "మీరు ఆపరేషన్ కి పడుకోరని అన్నయ్యా..." అంది. కొడుకు సంగతి చెప్పలేదు.

అతను పుస్తకం వెనక్కి తీసుకున్నాడు. ఈసారి చాలాసేపు రాశాడు.

'నిజం చెప్పినా పడుకునేవాణ్ణి. ముందు పిల్ల ఫోనులో పాడి పడుకునేవాణ్ణి.'

ఆవిడ చదవడం అయ్యేలోపు లేచి నిలబడ్డాడు. పామర్రు వాళ్ళందరూ లేచారు. నాగవేణి ఆవిడ ముందు నుంచే, చీర చెంగు కూడా తగలకుండా సర్దుకుని, దాటిపోయింది. ధనశ్రీ ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది. ఆ పిల్ల ఏదైనా తిట్టి ఉంటే బాగుండేది.

జక్కయ్య మాత్రం పక్క సీట్లోకి వచ్చి కూర్చున్నాడు. ఆవిడ ఒళ్ళో ఉండిపోయిన నోటుబుక్కులో రాసింది అతనికి కనబడింది.

"ప్రాంప్టరు గారూ," అన్నాడు. "జీవితంలో ఆడికి ఒక్కసారి అందించారు. భలే అందించారు."

తర్వాత రెండు వారాలు ఆవిడ పామర్రుకు ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. తనంతట తాను బస్సెక్కి వెళ్ళింది. తలుపు తీసిన నాగవేణి, "ఆయన పడుకున్నాడు," అంది. లోపల కుర్చీ జరిగిన చప్పుడు ఇద్దరూ విన్నారు. ఆవిడ గుమ్మంలోనే నిలబడి, మంచినీళ్ళు అడగటానికి కూడా నోరు రాక, వెనుదిరిగింది.

ఆ సాయంత్రమే కొడుకు ఫోను చేశాడు. గొంతులో ఎన్నడూ లేని హుషారు.

"అమ్మా, సినిమా ఆడేసింది! ఆ కుక్కరు బిట్టుని జనం ఫోన్లలో తెగ తిప్పుతున్నారు. మూడు విజిల్స్ పద్యం అని పేరు పెట్టారు. ఆదివారం బెజవాడలో సక్సెస్ మీట్. అంకమ్మరావు గారిని తీసుకురా. స్టేజీ మీద లైవ్ లో అసలు పద్యం పాడిద్దామని డైరెక్టరు గారే అన్నారు. చూశావా, పెద్దాయనకి న్యాయం జరిగినట్టే."

"ఒరేయ్, ఆ పైలట్ అనేది మీ దగ్గర ఉందా?"

"అదెక్కడుంటదమ్మా? రిలీజయ్యాక వాడని ఫుటేజీ అంతా తీసేశారు. వేరే సినిమాకి డిస్కులు కావాలిగా. ఎందుకు?"

"ఆయన పాడలేడురా. గొంతుపెట్టె తీసేశారు."

"తీసేయటమేంటి? చిన్న ఆపరేషన్ అన్నావు!"

"క్యాన్సరు. షూటింగప్పటి నుంచే ఉంది. డబ్బింగు కోసం ఆపుకున్నాడు. నీకు చెబితే నువ్వు గొడవపడతావని, నీ సినిమా పోద్దని..."

"నాకు చెప్పలేదేమ్మా?" కొడుకు గొంతులో హుషారంతా దిగిపోయింది. "నేనెవరితో గొడవపడతాను? సినిమాలో లేకపోతే పోయింది. అప్పుడు పైలట్ నా టేబుల్ మీదే ఉంది. కాపీ చేసి నీ ఫోనుకి పంపేవాణ్ణి. లేదంటే బెజవాడలోనే ఏదో ఒక స్టూడియోలో కూర్చోబెట్టి పాడించేవాణ్ణి. ఎంతసేపని? గంట పని."

వెంకటరావమ్మ ఫోనును ఒళ్ళోకి దించింది.

"గంట పనేనమ్మా," అని కొడుకు అవతల అంటూనే ఉన్నాడు.